గమ్ ఆరే దాకా

మా ఎదురింటి ధన్‌సింగన్న గడపలోకి ఎవరు అడుగుపెట్టినా కూర్చోమనడు, మంచినీళ్ళు తాగుతావా అని అడగడు. "జర ఇది పట్టుకో" అంటాడు. మన చేతుల్లో రెండు పుల్లలు పెడతాడు. ఆ పుల్లలు కలిసే చోట గమ్ ఉంటుంది. అది ఆరే దాకా కదలకూడదు. ఇల్లందులో మా బజారుకు ఎవరొచ్చినా, ఓటరు లిస్టు రాసుకునే టీచరమ్మయినా, కరెంటు మీటరు చూసే అతనైనా, ఆ ఇంట్లో అరగంట పుల్లలు పట్టుకోకుండా తిరిగి పోలేదు.

ఆ పుల్లలు విమానానివి. నిజం విమానం కాదు, బొమ్మ విమానం. కానీ ఆయన ముందు 'బొమ్మ' అనకూడదు. గ్యాస్ బండలు తెచ్చే కోటేష్ ఒకసారి నోరు జారాడు.

"ఏం బొమ్మ చేస్తున్నవ్ తాతా?"

"బొమ్మనా? దా, పట్టుకో."

బయట ఆటోలో పదకొండు బండలు ఎండుతున్నాయి. కోటేష్ రెండు చేతుల్లో రెక్క ముక్క పట్టుకుని వీధి వైపు మెడ తిప్పి చూస్తున్నాడు.

"తాతా, నా బండి..."

"బండి యాడికీ పోదు. నువ్వు కదిల్తే మాత్రం రెక్క వంకర పోతది."

ఆ రోజు మా బజారులో సగం ఇళ్ళకు మధ్యాహ్నం వంట లేదు. అడిగితే కోటేష్ ఒకటే మాట చెప్పాడు, "గమ్ ఆరలే అక్కా." అప్పటి నుంచి ఎవరికి ఏ పని ఆలస్యమైనా మా బజారులో అదే జవాబు.

ధన్‌సింగన్నది కారేపల్లి దగ్గర తండా. గనిలో ముప్పై మూడేళ్ళు కర్రలు నిలబెట్టే పని చేశాడు. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు ఆనించి నిలబెట్టాలి. పైన బరువు పడితే దుంగ ముందుగా మూలుగుతుందట. ఆ మూలుగు విని మనుషుల్ని బయటికి తరిమేవాడట. రిటైరై ఇంటికొచ్చాక నెల రోజులు ఊరికే కూర్చున్నాడు. అరుగు మీద కూర్చుని పైకప్పు వంక చూస్తుంటే, ఇల్లు ఎక్కడ కూలుతుందోనని మాకే భయం వేసేది. అప్పుడు మేనల్లుడు శ్రీనివాస్ ఫోనులో ఎవరో కర్రతో విమానం కడుతున్న వీడియో చూపించాడు. అంతే, మనిషి లేచి కూర్చున్నాడు.

బాల్సా అనే కర్ర ఒకటి ఉందని నాకు ఆయన వల్లే తెలిసింది. మొదటి పార్సిల్ వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన భార్య సోని వదినె పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"ఉత్త పెట్టె పంపిండ్రు. పెట్టెల గాలి కొనుక్కున్నవా?"

"గాలిల తిరిగేది గాలి లెక్కనే ఉంటది. ఇటు తే."

తెరిస్తే పలుచటి పలకలు పది ఉన్నాయి. ఇక కర్రను ఎంచడం మొదలుపెట్టాడు. పెళ్ళిచూపుల్లో కూడా అంత చూడరు. ఒక్కో పలకను చెవికి ఆనించి గోటితో కొట్టాడు. ఎండకు అడ్డం పెట్టి లోపలి గీతలు చూశాడు. రెండు వేళ్ళతో వంచి, వదిలి, మళ్ళీ వంచాడు. ఒకదాన్ని చెంపకు ఆనించుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. సోని వదినె నా వైపు చూసి, "నన్ను చూడొచ్చిన నాడు ఒక్కసారి చూసి టీ తాగి పోయిండు" అంది.

పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి మూడు పలకలు తేలాయి.

"ఇది మెత్తగ వంగుతది, ముక్కు కాడ గుండ్రంగ తిప్పొచ్చు. ఇది బిగుసుకున్నది, రెక్కకు వెన్ను పెడత. ఇది అన్నిట్లకెల్ల తేలిక, తోకకు. తోక బరువైతే ముక్కు లేస్తది, లేచి కూలబడ్తది."

"మిగిలినయి?" అన్నాడు శ్రీనివాస్.

"వాపస్ పంపు."

"మామా, గట్ల వాపస్ తీసుకోరు."

"నేను కర్ర వద్దంటే గనిల మేనేజరే వాపస్ తీసుకున్నడు. వీళ్ళెంత?"

మిగిలిన ఏడు పలకలు మంచం కిందికి పోయాయి. వాటిలో ఒకదానితో సోని వదినె పొయ్యి రాజేసిందని ఆయన రెండు రోజులు అన్నం మానేశాడు. మూడో రోజు గారెలు చేస్తే, కోపంగానే ఎనిమిది తిన్నాడు.

అలా రెండు విమానాలు కట్టాడు. రబ్బరు బద్ద మెలిపెట్టి వదిలితే బడి మైదానం అవతలి దాకా పోయేవి. నేను చెప్పేది మూడోదాని సంగతి. దీనికి ఏడాది దాటినా తోక కూడా రాలేదు. మనుషులు పుల్లలు పట్టుకోవడం ఈ విమానంతోనే మొదలైంది.

దీన్ని మొదలుపెట్టిన వానాకాలంలోనే మా మహిమ పోయింది.

మాకు ఒక్కతే బిడ్డ. పంతొమ్మిదేళ్ళు. ఖమ్మంలో డిగ్రీ చదువుతూ జ్వరంతో ఇంటికొచ్చింది. మా ఆయన పేరు మార్కు, గనిలో ఫిట్టరు. "రేపు డ్యూటీ దిగినంక ఖమ్మం తీస్కపోత" అన్నాడు. తెల్లారేసరికి బిడ్డకు కళ్ళు నిలవలేదు. ఖమ్మం దవాఖానాలో మూడు రోజులు ఉంది. నాలుగో రోజు లేదు.

'రేపు' అన్న ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆయనతో మాట్లాడటం మానేశాను. పోట్లాడలేదు, ఏడవలేదు, ఊరికే మానేశాను. అన్నం పెట్టి గిన్నె చప్పుడు చేసేదాన్ని, ఆయన వచ్చి తినేవాడు. ఉప్పు కావాలంటే ఆయన చెంచాతో కంచం మీద కొట్టేవాడు. మా ఇంట్లో గిన్నెలే మాట్లాడుకునేవి. బొగ్గు దుమ్ము పట్టిన కిటికీ తుడవడం కూడా మానేశాను. బయట ఎండో వానో తెలిసేది కాదు, తెలుసుకోవాలనీ ఉండేది కాదు.

అందరూ వచ్చారు. చర్చి అక్కలు వచ్చి పాట పాడారు, ప్రార్థన చేశారు. దేవుని చిత్తం అన్నారు. నేను తల ఊపాను. అందరూ మాటలు తెచ్చారు. ధన్‌సింగన్న ఒక్కడే మూడో వారంలో గుమ్మం ముందు నిలబడి వేరేగా అడిగాడు.

"చెల్లె, వంటయిందా?"

"వండలేదన్నా."

"మంచిదాయె. చేతులు ఖాళీగున్నయ్. రా, రెక్క పట్టుకుందువు."

నాకు ఒళ్ళు మండింది. బిడ్డ పోయిన ఇంటికొచ్చి అడిగే మాటా ఇది! కాదు పొమ్మనడానికి ఓపిక లేక వెళ్ళాను. నా చేతిలో ఒక పొడుగు పుల్ల, దానికి అడ్డంగా ఒక చిన్న బొక్క పెట్టాడు. రెక్క లోపల అడ్డంగా వచ్చే ముక్కల్ని ఆయన, ఎముకలన్నట్టు, బొక్కలంటాడు. గమ్ పెట్టి ఎదురుగా పీట మీద కూర్చున్నాడు.

"చెల్లె, ఊపిరి గట్టిగ ఇడ్వకు. పుల్ల కదుల్తది."

"ఊపిరి గూడ ఇడ్వొద్దా అన్నా?"

"ఇడువు. పక్కకు ఇడువు."

మహిమ పేరు ఎత్తలేదు. ఓదార్చలేదు. అరగంట గడిచింది. ఆ అరగంటలో పుల్ల కదులుతుందేమోనన్న బెంగ తప్ప ఇంకో బెంగ రాలేదు. మూడు వారాల్లో అదే మొదటిసారి.

అప్పుడు సోని వదినె జొన్నరొట్టె, పప్పు గిన్నె తెచ్చి పక్కన కూర్చుంది. వద్దన్నాను.

"వద్దంటే ఎట్ల నెట్టేస్తవ్? చేతులు కదలొద్దు గద. నోరు తెరువు."

నిజమే, నెట్టేయడానికి చేతులు లేవు. ఆవిడ ముక్క తుంచి పప్పులో ముంచి నా నోట్లో పెట్టింది. రొట్టె అయిపోయే దాకా ఆయన గమ్ ఆరలేదనే అన్నాడు.

ఇక రోజూ పది గంటలకు పిలుపు. "చెల్లె! గమ్ పెడుతున్న!" అని బజారంతా వినపడేట్టు అరిచేవాడు. నేను పోయేదాన్ని. సాయంత్రం డ్యూటీ దిగి వస్తున్న మా ఆయన్ని మధ్యలోనే ఆపి లోపలికి లాక్కునేవాడు. నన్ను చెల్లె అంటాడు కాబట్టి మా ఆయన్ని బావా అనేవాడు. మర్నాడు పొద్దున నాతో ఊరుకోకుండా, "బావ పట్టుకున్న బొక్క నీదానికంటె సక్కగొచ్చింది చెల్లె" అనేవాడు. నాకు మండేది. ఆ రోజు ఊపిరి కూడా తగ్గించి పట్టుకునేదాన్ని.

మా ఆయన మీద కోపం మాత్రం తగ్గలేదు. ఏడాది ప్రార్థన అయినాక ఎర్రుపాలెం నుంచి మా చెల్లెలు కవిత ఫోను చేసింది.

"అక్కా, ఆ ఇంట్ల ఇంకెన్నొద్దులు గట్లుంటవ్? నా దగ్గరికొచ్చెయ్. ఇద్దరం ఉందాం."

"సోమవారం వస్త" అన్నాను. పండక్కి పోయి వచ్చినట్టు కాదు, ఇక తిరిగి రాకుండా. బట్టల సంచి సర్ది తలుపు పక్కన పెట్టాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఆ సంచిని చూశాడు. దాని పక్కనే చెప్పులు విప్పాడు. ఆ సంగతి నేను సోని వదినెకు ఒక్కదానికే చెప్పాను.

ఆదివారం మేము చర్చి నుంచి, పది అడుగుల ఎడం పెట్టుకుని, ఒకరి వెనక ఒకరం వస్తున్నాం. ధన్‌సింగన్న గడపలో నిలబడి ఉన్నాడు.

"చెల్లె, బావా, ఇద్దరు రండ్రి. ఇయ్యాల ఒక్కరితోని కాదు."

"నాకు పనున్నదన్నా."

"రేపు పోతున్నవట గద. పోయేముందు గిదొక్కటి పట్టుకో. ఏడాది కష్టం."

లోపల పీట మీద ఎడమ రెక్క, కుడి రెక్క విడివిడిగా ఉన్నాయి. వాటిని నడుమ కలపాలి. బల్లలాగా చదునుగా కలిపితే విమానం గాల్లో నిలవదట. రెండు కొసలూ నాలుగు వేళ్ళెత్తు పైకి లేచి ఉండాలట. నడుమ గమ్ పెట్టి ఒక కొస నాకు, ఒక కొస మా ఆయనకు ఇచ్చాడు.

"ఒకలు ఎక్కువ లేపితే ఇంకొకల దిక్కు వాలుతది. కింద చూడొద్దు. ఎదురున్న కొసను చూస్కుంట సరిగ్గ పట్టుకోవాలె."

ఎదురు కొస చూడాలంటే దాన్ని పట్టుకున్న మనిషిని చూడక తప్పదు. ఏడాది తర్వాత మా ఆయన మొహం చూశాను. గడ్డం సగం తెల్లబడింది. ఎప్పుడు తెల్లబడిందో నాకు తెలియదు.

ఆయనే ముందు నోరు తెరిచాడు.

"ఆ రోజు..."

"ఇప్పుడొద్దు."

"ఇప్పుడు గాకుంటె ఎప్పుడు చెప్పాలె? ఇక్కడైతే నువ్వు లేచి పోలేవు."

నిజంగానే పోలేను. రెక్క కొస చేతిలో ఉంది.

"జ్వరమే గద అనుకున్న. ఒక్క డ్యూటీ గద అనుకున్న. గనిల దిగినంక గూడ మనసొప్పలే రిబ్కా. పైకొద్దామంటే అప్పటికే ఆ చివరికి పోయి ఉన్న. పనంత సేపు గట్లనే నిలబడ్డ. ఇప్పటికి గూడ దిగినప్పుడల్లా గట్లనే ఉంటది."

నా నోటికి వచ్చిన మాట వేరేది. ఏడాదిగా ఆ మాట నాకే వినపడకుండా ఆయన 'రేపు' మీద వేసి దాచుకున్నాను.

"నేను గూడ జ్వరమే అనుకున్న" అన్నాను. "చారు పోసి అన్నం పెట్టిన. పండుకో బిడ్డా, పొద్దుగాల తగ్గిపోతది అన్న. నేనే అన్న."

రెక్క వణకడం మొదలైంది. నా చేయో, ఆయన చేయో తెలియదు.

"చేతులు వణకొద్దు!" ధన్‌సింగన్న గదిమాడు. "ఏడ్చేది ఏడ్వండ్రి, నేనేం అననుగాని కొసలు దించొద్దు."

కళ్ళు తుడుచుకుందామంటే ఇద్దరికీ చేతులు లేవు. అలాగే కారనిచ్చాం. ధన్‌సింగన్న "బజార్ల పనున్నది, గిప్పుడే వస్త" అని బయటికి పోయాడు. గంటన్నర రాలేదు. గమ్ ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. ఆరిందని చెప్పేవాళ్ళు లేక మేము పట్టుకునే ఉన్నాం. సోని వదినె వచ్చి ఇద్దరికీ చెరో ముద్ద పెట్టింది. మొదటి ముద్ద నాకు, రెండోది ఆయనకు.

సోమవారం నేను ఎర్రుపాలెం పోలేదు. పై వారం వస్తానని కవితకు చెప్పాను. సంచి విప్పలేదు. మాట్లాడటం అంటే ఏముంది, "నీళ్ళు కాగినయ్" అనేదాన్ని, "అవ్" అనేవాడు. పోవాలో ఉండాలో నాకే తేలలేదు.

గురువారం ఆయన డ్యూటీలో ఉన్నాడు. ధన్‌సింగన్న కారేపల్లి పోయాడు. నేను సోని వదినె దగ్గర కూర్చున్నాను. పెరట్లో బట్టలు ఉతుకుతూ, "రిబ్కా, లోపటి అర్రల కొత్త సబ్బుంది, జర తే" అంది. ఆ లోపలి గదిలోకి నేను ఎన్నడూ పోలేదు.

అక్కడ బల్ల మీద పెద్ద కాగితం పరిచి ఉంది. విమానం నక్ష. గమ్ అంటకుండా దాని మీద ప్లాస్టిక్ కవరు. దాని మీద మేము ఆదివారం పట్టుకున్న రెక్క. నడుమ కోసి, మళ్ళీ అతికించి ఉంది. చుట్టూ వందల గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. రెండు కొసల కిందా అగ్గిపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అవి చక్కగా, ఏమాత్రం వణక్కుండా, రెండు వైపులా నాలుగు వేళ్ళెత్తు పట్టుకుని నిలబడ్డాయి.

సబ్బు కోసం చూసి చూసి సోని వదినె తడి చేతులతో లోపలికొచ్చింది. వచ్చి నాలుక కరుచుకుంది.

"వదినె, ఇది మేం పట్టుకున్న రెక్కనే గద?"

"అదే. మీరు గడప దాటంగనే కోసిండు."

"ఎందుకు?"

"ఎందుకేంది? నీ దిక్కు రెండు వేళ్ళెత్తు లేచింది, మార్కన్న దిక్కు ఆరు. గది ఎగుర్తదా? గిర్రున తిరిగొచ్చి నా నెత్తి మీద పడ్తది."

"మరి అగ్గిపెట్టెలు చేసే పనికి మమ్మల్ని..."

ఆవిడ నవ్వాపుకుంది.

"ఏడాది సంది నువ్వు పట్టుకున్నది ఒక్కటి గూడ ఉంచలే రిబ్కా. మనిషి చెయ్యి వణకకుంట ఉంటదా? పొద్దుగాల నువ్వు పట్టుకుంటవ్. నువ్వు పోయినంక ఇప్పుతడు, సూదులు గుచ్చి సక్కగ అంటిస్తడు. ఆ మీటరాయన పట్టుకున్నదీ గంతే, కోటేష్ పట్టుకున్నదీ గంతే. ఒక్క రెక్క పదిసార్లు కట్టిండు."

"వాళ్ళందర్నెందుకు కూసోబెట్టిండు?"

"నిన్నొక్కదాన్నే పిలిస్తే వస్తుంటివా? పాపమని పిలుస్తుండు అనుకోకపోదువా? అందుకే బజారోళ్ళందరికి అంటించిండు ఈ పీడ. మొదటి రెండు విమానాలప్పుడు ఎవర్నన్న ముట్టనిచ్చిండా? పక్క అర్రల నన్నే తుమ్మనియ్యలే."

నేను ఒక అగ్గిపెట్టెను వేలితో ముట్టి చూశాను.

"తెలిసిందని ఆయనకు చెప్పకు" అంది సోని వదినె. "సిగ్గుపడ్తడు. సిగ్గయితే తండాకు పోయి వారం దాకా రాడు. ఇంట్ల మేకల్ని చూసే పని నా మీద పడ్తది."

ఇంటికొచ్చాను. ఈ మాట ఎవరికో చెప్పకుండా ఉండలేకపోయాను. కవితకు ఫోను చేద్దామనుకున్నాను. కానీ ఆ అగ్గిపెట్టెల సంగతి కవితకేం అర్థమవుతుంది? కొసలు పట్టుకున్నది ఆమె కాదు. ఈ లోకంలో ఆ మాట అర్థమయ్యే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన డ్యూటీ దిగి రావడానికి ఇంకా రెండు గంటలుంది. ఏడాదిలో మొదటిసారి, ఆయన జల్దీ వస్తే బాగుండు అనిపించింది.

సాయంత్రం రాగానే అన్నం పెట్టాను. గిన్నె చప్పుడు చేయలేదు. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన ముద్ద చేతిలోనే పెట్టుకుని విన్నాడు.

"అగ్గిపెట్టెలా?"

"ఒక్కో దిక్కు నాలుగు."

"మరి నువ్వు పట్టుకున్న బొక్క నాదానికంటె సక్కగొచ్చిందని..."

"నీకు నాదే సక్కగొచ్చిందని చెప్పిండా?"

"రోజూ."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వు మొదలయ్యాక ఆగలేదు. నవ్వుతూనే ఆయనకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఈసారి చేతులు ఖాళీగానే ఉన్నాయి, తుడుచుకున్నాడు. తర్వాత లేచి తలుపు పక్కనున్న సంచి వైపు చూశాడు, నా వైపు చూశాడు. "బట్టలు ముక్కిపోతయేమో" అన్నాను. ఆయనే సంచి విప్పి చీరలు ఒక్కొక్కటి బీరువాలో పెట్టాడు. అన్నీ తలకిందులుగా పెట్టాడు, అలాగే ఉండనిచ్చాను.

తెల్లారి ఆయనకు డ్యూటీ లేదు. పది గంటలకు బజారంతా వినపడింది.

"చెల్లె! బావా! తోకకు గమ్ పెడుతున్న! జల్దీ రండ్రి!"

మా ఆయన పొయ్యి గట్టు మీది అగ్గిపెట్టె తీసి జేబులో వేసుకున్నాడు.

"అదెందుకు?"

"చేతులు నొప్పి పుడితే ఆనిద్దాం."

"ఈడ పెట్టు" అని లాక్కున్నాను.

వెళ్ళి ఇద్దరం చెరో పక్కా కూర్చున్నాం. ధన్‌సింగన్న ఊపిరి పక్కకు వదలమన్నాడు, కదలొద్దన్నాడు, బావను చూసి నేర్చుకోమన్నాడు. నేను అన్నిటికీ "సరే అన్నా" అన్నాను. నా కొసను మాత్రం చాలా జాగ్రత్తగా, ఒక వేలెడు వంకరగా పట్టుకున్నాను. పాపం, మధ్యాహ్నానికి ఆయనకు పని ఉండాలి కదా.